తోడుకోని పాలు

నా బిడ్డ నర్మదకు టైఫాయిడు జ్వరం వచ్చి పదకొండో రోజు. గోదావరి దాటి తీసుకుపోతే, దవాఖానలో డాక్టరు చిన్న సీసా నిండా క్యాప్సూళ్లు ఇచ్చి, కడుపులోని జ్వరపు పురుగులను ఇవి చంపుతాయన్నాడు. నేను ఒక్కటే అడిగాను.

"పురుగుకూ పాణమే, నా బిడ్డకూ పాణమే. ఎవరు ఎవరో గీ మందుకు ఎట్ల ఎరుక సారూ?"

ఆయన కాంపౌండరును చూసి నవ్వాడు. ఎంతవరకు చదివావన్నాడు. నాలుగో తరగతి అన్నాను. అయితే మాట్లాడకుండా వెయ్యమన్నాడు.

శ్రీరాంపూర్ బస్సులో ఇంటిదాకా ఒళ్లు మండుతూనే ఉంది. అడిగింది తప్పా? తొమ్మిదేళ్ల పిల్ల నోట్లో చంపే మందు వేయవలసింది నేను, ఆయన కాదు. సీసా ఉట్టి మీద దాచాను. వేస్తే ఏమవుతుందో, వేయకుంటే ఏమవుతుందో.

తెల్లవారి పక్కింటి దేవకి పంతులమ్మ నేనడిగిన మాట విని నవ్వలేదు. పలక మీద రెండు గుండ్రాలు గీసింది. ఒకటి మన కణం. అలాంటి కంటికి కనబడని గదులతోనే ఒళ్లంతా కట్టి ఉందట. దాని నడుమ పొర కట్టుకున్న గింజ. రెండోది జ్వరపు పురుగు. మొత్తం ఒకే కణం. గింజ లేదు, లోపల అరలు లేవు, అంతా కలగలుపు. దాని పనిముట్ల తీరే వేరు, మందు పట్టుకునేది వాటినే అంది.

"పాలను పెరుగు చేసేటిది గా పురుగు తీరుదే అక్కా. కల్లు పొంగించేటిది మన తీరుది, దానికి గింజ ఉంటది."

చెబితే నమ్మే మనసు కాదు నాది. ఒక క్యాప్సూలు విప్పి సగం పొడి తోడువేసిన పాలలో, సగం అప్పుడే దించిన తియ్యటి కల్లులో కలిపాను. తోడువేసిన పాలే ఇంకొన్ని మందు వేయకుండా పక్కన పెట్టాను. ముందు పిల్లకు వెయ్యమని పంతులమ్మ కోప్పడినా వినలేదు. ఎండ ముదిరింది. పిల్ల పెనంలా కాలిపోతోంది. మూడు జాముల వేళకు చూస్తే, మందు లేని పాలు గట్టి పెరుగు. మందు వేసినవి పాలుగానే ఉన్నాయి. కల్లు మాత్రం నురగ కక్కి లోటా దాటింది. మన తీరుదాన్ని మందు ముట్టలేదు.

అప్పుడు మింగించాను మొదటి క్యాప్సూలు.

ఐదో నాటికి జ్వరం దిగింది. మళ్లీ చూపించడానికి పోయినప్పుడు, ఒకటి పాలలో, కల్లులో కలిపి చూశానని నేనే చెప్పాను. డాక్టరు మళ్లీ నవ్వాడు.

"నవ్వుండ్రి సారూ. మీరు మన కణమొకటి, జ్వరపు పురుగొకటి రెండు గుండ్రాలు గీసి చూపలే. గందుకే ఒక్క పొద్దంతా నా పిల్ల మందు లేక మండింది. నా ఎనుక నిలబడ్డామె చేతుల గూడ గదే సీసా ఉన్నది. గామెకన్న చెప్పుండ్రి."

ఆమె కదలలేదు. నేనూ కదలలేదు. డాక్టరు మందుచీటీ తిరగేసి గీయడం మొదలుపెట్టాడు. మన కణంలో గింజ మరిచిపోయాడు. పెట్టమన్నాను.