సెనెన్ పైనుంచి చూసిన ఖాళీ

శాన్ క్లోడియో ఊళ్ళో వాన పడని ఉదయం అరుదు. ఆ వానలోనే సెనెన్ అందరికన్నా ముందు మైదానానికి వచ్చి, బంతుల్లో గాలి చూసి, ప్లాస్టిక్ కోన్లు పరిచి, నిలబడే ఒక కాఫీ తాగేవాడు. ఒకప్పుడు పెద్ద ఫుట్‌బాల్ లీగులో పేరున్న మిడ్‌ఫీల్డర్. మోకాలు పాడయ్యాక సొంతూరికి వచ్చేసి, ఆడవాళ్ళ జట్టుకి సహాయ కోచ్‌గా కుదురుకున్నాడు.

ఆట రసపట్టులో పడితే అతని కాళ్ళు నేల వదిలేసేవి. మెల్లగా ఇంటి కప్పంత ఎత్తుకి లేచి, అక్కణ్ణుంచి చూసేవాడు. ఆట వేరే ఊళ్ళో జరిగినా ఎవరూ వింతపడేవాళ్ళు కాదు. "పైకెంతైనా వెళ్ళు, సున్నపు గీత మాత్రం దాటకు" అనేవారు రిఫరీలు. హెడ్ కోచ్ నియెవెస్ మాత్రం విసుక్కునేది.

"నీ బూట్ల బురదంతా నా నెత్తిమీదే, సెనెన్. కాస్త పక్కకి జరుగు!"

ఆ ఏడు జట్టు ఓడిపోతూనే వచ్చింది. ఆఖరి ఆటకి ముందురోజు క్లబ్ అధ్యక్షుడు ఒలెగారియో సెనెన్‌ని సైడర్ అనే ఆపిల్ కల్లు అమ్మే తన దుకాణానికి పిలిపించాడు. సీసా తలపైకెత్తి, కింద పట్టుకున్న గ్లాసులోకి సన్నని ధార వంచాడు.

"రేపు గెలవకపోతే కింది లీగుకి పోతాం. అప్పుడు నియెవెస్‌ని పంపించేస్తా. జట్టు నీదే."

"ఆవిడకి తెలుసా?"

"తర్వాత తెలుస్తుందిలే. ఎన్నాళ్ళయ్యా, ఇంకొకరి వెనకాల నిలబడతావు?"

సెనెన్ వద్దనలేదు. ఆ ఉద్యోగం మీద అతనికి ఆశ ఉంది. ఇంటికి నడుస్తూ, తనైతే జట్టుని ఎలా ఆడించేవాడో ఊహించుకున్నాడు కూడా.

మర్నాడు ఆట ముగియవస్తున్నా చెరో గోల్ దగ్గరే ఆగింది. సెనెన్ పైకి లేచాడు. మైదానమంతా అరచేతిలో ఉన్నట్టు కనిపించింది. అవతలి జట్టు మొత్తం ఒక పక్కకి ఒరిగిపోయింది. ఎడమ మూల ఆవుల్ని మేపుకోవచ్చన్నంత ఖాళీ. అక్కడిదాకా పరిగెత్తగలిగేది బెంచీ మీదున్న షానా ఒక్కతే.

కింద నియెవెస్ తడిసిన టోపీ నలుపుతూ తల పైకెత్తింది. "ఏమైనా కనిపిస్తోందా?"

సెనెన్ ఏమీ లేదంటే సరిపోయేది. గొడుగు కింద నుంచి ఒలెగారియో అతన్నే చూస్తున్నాడు.

"సెనెన్! నిన్నే!"

"షానాని దింపు! బంతి ఎడమ మూలకి కొట్టమను. త్వరగా!"

షానా దిగింది. మొదటి బంతి ఆమెకి అందకుండా బయటికి జారిపోయింది. రెండోదాన్ని మూలదాకా లాక్కెళ్ళి లోపలికి తన్నింది. ఎవరి తలకో తగిలి, గోల్‌కీపర్ వేళ్ళని రాసుకుంటూ వలలో పడింది.

ఆట గెలిచాక సెనెన్ నేలకి దిగి, నియెవెస్‌ని పక్కకి పిలిచాడు.

"ఓడితే నీ చోటు నాకిస్తానన్నాడు ఒలెగారియో. నేను వద్దనలేదు."

ఆమె టోపీ తీసి నీళ్ళు పిండింది. "మరి నోరు మూసుకుని ఉండొచ్చుగా?"

"ఉందామనే అనుకున్నా. ఖాళీ కనిపించాక బంతి ఇవ్వకుండా ఉండటం నాకు చేతకాలేదు."

నియెవెస్ తడి టోపీతో అతని భుజం మీద ఒక్కటిచ్చింది, గట్టిగానే.

"వచ్చే ఏడు జట్టుని ఇద్దరం కలిసే ఎంచుదాం. పద, అమ్మాయిలు పిలుస్తున్నారు."