సముద్రపు దోసకాయలో చేప

“ఇల్లరికం వచ్చినోడికి వేరే ఊరేటి, వేరే అమ్మోరేటి? పాప పుట్టెంట్రుకలు మనూరి అమ్మోరికే తీయిద్దాం,” అని కూర్మమ్మ మళ్ళీ అంది.

“తండ్రి ఊర్లో తియ్యడం కదేటే ఆనవాయితీ,” అన్నాడు ఆమె మొగుడు గంగులు.

“తండ్రెక్కడున్నాడు? మనింట్లో. మరింకేటి?”

అరుగు మీద, అప్పుడే వేట నుంచి తెచ్చిన వల విప్పుకుంటున్న అల్లుడు ధనరాజును ఎవరూ అడగలేదు. పెళ్ళైన నాటి నుంచీ అంతే. అతనూ పెళ్ళాం అనితా పడుకునే గదికి బయటికి గుమ్మం లేదు. వేటకు వెళ్ళాలన్నా, వచ్చి పడుకోవాలన్నా అత్త మంచం పక్క నుంచే ఒళ్ళు ముడుచుకుని నడవాలి. వెళ్ళేది మావ పడవలో. పాపకు పేరు పెట్టింది అత్త. ఈ ఒక్క ముచ్చటైనా భోగాపురం దగ్గరున్న తన పల్లెలో, తనవాళ్ళ మధ్య జరగాలని అతని ఆశ.

వల మడతల్లో మెత్తగా ఏదో తగిలింది. నల్లటి సముద్రపు దోసకాయ, అడుగున పాకే దోసకాయలాంటి జీవి, ఇంకా ప్రాణంతోనే ఉంది. దాన్ని పట్టడం చట్టప్రకారం నేరం. తిరిగి సముద్రంలో వదులుదామని చేపల బకెట్లోని ఉప్పునీళ్ళలో వేశాడు. కాసేపటికి దాని వెనక కన్నంలోంచి సన్నటి చేపొకటి జారి వచ్చింది. ఒళ్ళంతా గాజులా ఉంది, లోపలి వెన్నెముక కనబడుతోంది.

గంగులు వంగి చూశాడు. “ఇది దాని కడుపులోనే కాపురముంటాదిరా. సీకటి పడ్డాక మేతకెళ్ళి, మళ్ళీ తోక ముందెట్టి దూరిపోతాది.”

“బాగున్నాది సంబరం! తిండికి బయటికి, పడకకి లోపలికా!” కూర్మమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. “అలాటిదొకటి మనింట్లోనూ ఉన్నాది కదే, అనితా!”

పాపను ఒళ్ళో పెట్టుకున్న అనిత పక్కున నవ్వేసింది. మొగుడి మొహం చూసి వెంటనే తల దించుకుంది.

అత్త వెటకారం ధనరాజుకు అలవాటే. అనిత నవ్వుకే ప్రాణం చివుక్కుమంది. బకెట్లో చేప అంచు వెంబడే తిరిగి తిరిగి, కన్నం వెతుక్కుని, తోకతో మెల్లగా లోపలికి పోయింది. అతను బకెట్ తీసుకెళ్ళి పడవలో కొంత దూరం పోయి, లోతు నీళ్ళలో వంపేశాడు. ఒడ్డుకొచ్చి ఇసుకలో కూర్చుని, తన ఊళ్ళో ఉన్న అన్నకు ఫోన్ చేశాడు.

అందరూ అన్నాలకు కూర్చున్నాక, గొంతు పెంచకుండా చెప్పాడు.

“మావా, అత్తా, ఆదివారం పాపని మావూరు తీసుకెళ్తన్నాను. ఎంట్రుకలక్కడే తీయిస్తాను. అన్న పడవలో ఓ మనిషి తక్కువున్నాడట, మరింక అక్కడే ఉంటాను. అనితా, పాప బట్టల్తోపాటు నీవి కూడా సర్దు.”