బొడ్డు లోపలికి పోయిన బండి

బండి పొట్ట రాళ్లకు తగులుతోంది, కాస్త లేపరా అన్నాను. నేనన్నది ఆ ఒక్క మాటే. నా బావమరిది దాన్ని లేపలేదు, లేపేశాడు.

వాడి పేరు నవీద్, నా భార్య సమీనా తమ్ముడు. నాగర్‌కర్నూల్‌లో ఒక టైర్ల కొట్టులో పని. నేను వనపర్తిలో పెళ్లి విందు తింటున్న రోజున నా పికప్పును తీసుకుపోయి, తెల్లవారేసరికి అమరచింతలో మా వాకిట్లో నిలబెట్టాడు. చూడగానే బిర్యానీ అరగడం మానేసింది. బండి పొట్టను పైకెత్తే కమాన్ పట్టీలు అదనంగా వేశాడు, సరే, నేనడిగిందే అది. కానీ కింద నాలుగు కొత్త చక్రాలు! ట్రాక్టరుకు పుట్టి పికప్పుకు దత్తతకు వచ్చినట్టున్నాయి. పాత చక్రాలు గోడవార పడి ఉన్నాయి. ఒకదాంట్లో అప్పుడే కోడి పొదగడానికి కూర్చుంది.

“ఏందిరా ఇది?”

“ఆఫ్‌సెట్, దుల్హాభాయ్! రిమ్ముల బోల్టులు బిగించే పళ్లెం నడిమిట్లకెళ్లి ఎంత జరిగిందో, గదే ఆఫ్‌సెట్. పాత రిమ్ములల్ల పళ్లెం బయటికుంటుండె, చక్రమేమో బండి కిందికి పోయి దాక్కుంటుండె. వీటిల పళ్లెం లోపలికి, చక్రం బయటికి! బండి ఎట్ల నిలవడ్డదో చూడు, పహిల్వాన్ లెక్క. టైరు గుడ మూడు అంగుళాలు పెంచిన.”

“నువ్వు ఆఫ్‌సెట్ చేసినవ్, నేను అప్‌సెట్ అయిన. ఎవడడిగిండురా నిన్ను?”

“ఫోన్ల వీడియోలు చూడు భాయ్, ఏ బండైనా గిట్లనే ఉంటది.”

వీడియోల్లో బండ్లు ఇసుక దిబ్బలెక్కుతాయి. నా బండి మీదికి ఆడవాళ్లెక్కుతారు. ఆ తేడా వాడి బుర్రకెక్కలేదు.

నా బండి బతుకంతా సీడు పత్తి మీదే, అంటే విత్తనం కోసం పండించే పత్తి. అమరచింత నుంచి ఆడకూలీలను ఎక్కించుకుని, జూరాల దాటి, గద్వాల పక్కన ఆశన్న చేనుకు చేర్చాలి. నిన్న నేను లేకపోతే వాళ్లు ఆటోల్లో పోయి, సాయంత్రం అక్కడ ఆడ మొగ్గల రేకులూ పుప్పొడీ గిల్లి వచ్చారు. ఈ పొద్దున మగ పూలు తెచ్చి ఆ మొగ్గలకు రాయాలి. ఎండ ముదిరితే పుప్పొడి పనికిరాదు, గిల్లిన మొగ్గ గిల్లినట్టే రాలిపోతుంది. రేపు చేద్దాంలే అనడానికి వీల్లేని పని.

పాత చక్రాలు మళ్లీ బిగించే వ్యవధి లేదు. గుండె గుప్పిట్లో పెట్టుకుని, నవీద్‌ను పక్కన పెట్టుకుని బస్టాండుకు పోయాను.

చీరల మీద మగవాళ్ల చొక్కాలు, చేతుల్లో సద్ది డబ్బాలతో ముఠా అంతా నిలబడి ఉంది. ముందు హన్మమ్మ. ముఠాకు పెద్ద, మాటకు మరీ పెద్ద. ఆమె ఎక్కే తీరు మా ఊరందరికీ తెలుసు. కుడి పాదం వెనక చక్రం బొడ్డు మీద, ఎడమ పాదం టైరు మీద, చేయి కమ్మీ మీద, మనిషి లోపల. వెనక తలుపు తీస్తే కాలు పెట్టడానికి ఏమీ లేదు. కాబట్టి మా దగ్గర చక్రమంటే మెట్టు. నవీద్‌కు మాత్రం చక్రమంటే ఫోటో.

హన్మమ్మ అలవాటుగా పాదం చాపింది. బొడ్డు లేదు. అది జానెడు లోపల, గిన్నెలాంటి రిమ్ము అడుగున ఉంది. పాదం గిన్నెలోకి జారి ఇరుక్కుంది.

“యూనుసూ! ఇదేం బండిరా, కాలు మింగుతుంది!”

లాగి బయటికి తీసేసరికి ఆమె చెప్పు లోపలే ఉండిపోయింది. మిగతావాళ్లు టైరు వైపు చూశారు. అది నడుముల దాకా వచ్చింది.

“మేమేమన్న కోతులమా ఎగవాకనీకి?” అంది లలితమ్మ.

“జర కాలు ఎత్తి పెట్టు అక్కా, అలవాటైతది,” అన్నాడు నవీద్.

ఆ ‘జర’ అన్న ముక్కతో హన్మమ్మకు కోపం టైరును దాటి పైకి లేచింది. తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి, వాడు ఏమిటని అడిగేలోపే వాడి మోకాళ్ల చుట్టూ బిగించి ముడేసింది.

“చీర గింతనే సందిస్తది బిడ్డా. ఇప్పుడెక్కు. ఎక్కి చూపించు.”

“అరె, నేను మొగోణ్ణి అక్కా...”

“చక్రం పెట్టేటప్పుడు యాదికి రాలే, ఎక్కేది ఆడోళ్లని? ఎక్కు!”

ఎక్కాడు. అంటే, ఎక్కబోయాడు. ఒక బూటు గిన్నెలో దిగబడింది, రెండోది గాల్లో మిగిలింది, మనిషి కమ్మీకి ఆరేసిన లుంగీలా వేలాడాడు. ఒక్కరు కూడా నవ్వలేదు. అదే నన్ను భయపెట్టింది.

ఫోను మోగింది. ఆశన్న.

“యాడున్నవ్ యూనుస్? ఎండెక్కుతుంది! మా ఇంటామె కళావతి మగ పూలు తెంపి పెట్టుకొని నిలవడ్డది. మొగ్గలు రాలితే నువ్వు అతికిస్తవా?”

చివరికి బండిని సంత మైదానానికి తీసుకుపోయి, గొడ్లను లారీలకెక్కించే మట్టి దిబ్బకు వెనక్కి ఆనించాను. ఆడవాళ్లు నడిచి ఎక్కారు. హన్మమ్మ చివర ఎక్కి నా వైపు చూసింది.

“బర్రెలెక్కే కాడ ఎక్కించినవ్ మమ్మల్ని. యాదుంటది.”

మాటలమ్ముకుని బతకగలను అనుకునేవాణ్ణి, ఆ పూట కొట్టు మూసేశాను.

జూరాల దాటాక నల్లరేగడి దారి. రాత్రి వాన పడింది. బయటికొచ్చిన చక్రాలు బురదను తీసుకెళ్లి నేరుగా ఆడవాళ్ల ముఖాల మీద చల్లాయి. చేను మలుపులో స్టీరింగు పూర్తిగా తిప్పితే ముందు టైరు మడ్‌గార్డును కొరికి కూర్చుంది. రబ్బరు కాలిన వాసన. ఇక కదల్లేదు.

“దిగుండ్రి, నడుద్దాం,” అంది హన్మమ్మ. దిగడానికి దిబ్బ లేదు. దూకింది. మోకాలు పట్టుకుని ఒక్క క్షణం నిలబడి, కుంటుకుంటూ సాళ్లలోకి పోయింది. మిగతావాళ్లు ఆమె వెనకే పరిగెత్తారు.

కొంత చేను అందింది. కొంత అందలేదు. ఎండ నెత్తికెక్కాక కళావతి గంప తీసుకుని బండి దగ్గరికి వచ్చింది. అందులో వాడిపోయిన మగ పూలు. నన్ను తిట్టలేదు. గంప తీసుకెళ్లి నవీద్ ఒళ్లో బోర్లించింది.

“కొత్త చక్రాలంట గద. దండ గుచ్చి ఏస్కో.”

వాడి నోట ఒక్క ఇంగ్లీషు ముక్క రాలేదు. ఏడుపు ముఖంతో పూలు దులుపుకుంటున్నాడు. నాకు జాలి రాలేదు, ఇప్పటికీ రాదు.

“పొద్దు గూకకముందు పాత చక్రాలు ఈడ ఉండాలె,” అన్నాను. “ఎట్ల తెస్తవో నాకు తెల్వదు. కోడిని లేపి మరీ తే.”

ఆటోలో తెచ్చాడు, చక్రాల మీద తనే కూర్చుని. చేను గట్టున బురదలో జాకీ పెట్టి, ఆడవాళ్లందరూ చుట్టూ నిలబడి చూస్తుండగా నాలుగూ మార్చాడు. కమాన్ పట్టీలు ఉంచాను. పొట్ట ఎత్తుగానే ఉంది, మెట్టు మాత్రం కిందికి దిగింది.

హన్మమ్మ వాపెక్కిన మోకాలితో వచ్చి, బొడ్డు మీద పాదం పెట్టి, రెండుసార్లు తొక్కి చూసింది. పైకెక్కి కూర్చుంది. నవీద్ ముందు సీటు తలుపు తీయబోయాడు.

“ఏయ్, నువ్వు యాడికి?” అందామె. “నీ పహిల్వాన్ చక్రాలున్నయ్ గద. దొర్లిచ్చుకుంట రా.”

నేను బండి స్టార్ట్ చేశాను. ఆపమని ఎవరూ అనలేదు.