వచ్చే వారం చెత్త

ఆదివారం పొద్దున్నే చెరువుగట్టు మీద టార్పాలిన్ పరచడం, వచ్చిన జనానికి చేతి తొడుగులు పంచడం, వాళ్లతో కలిసి చెత్త ఏరడం. పురపాలక అధికారిణి ఉద్యోగమంతా ఇలాగే గడిచిపోయింది. ఊళ్లో ఆమెను చెత్త మేడమ్ అంటారు. ఆ పేరంటే ఆమెకు కోపం లేదు సరికదా, కాస్త గర్వం కూడా.

ఆ చెరువు రాబోయే వారంలో తనలో పడబోయేవాటిని ముందే ఒడ్డుకు తోసేస్తుంది. ఏరినవన్నీ టార్పాలిన్ మీద పోస్తే, ఎవరిది వాళ్లు గుర్తుపట్టి ఇంటికి పట్టుకుపోవాలి. అలా పట్టుకుపోయింది ఇక చెరువులో పడదు.

“టీచరుగారూ, మీ చిప్స్ ప్యాకెట్!”

“అయ్యో, ఇంకా కొననేలేదండీ,” అంటూనే టీచరు దాన్ని సంచిలో దాచేసుకునేది.

చెత్త అయితే నవ్వులాటే. ఒంటి మీది వస్తువు వస్తే మాత్రం అందరి నోళ్లూ మూతపడేవి. నిరుడు మంగలి తన టోపీని చూసి, నామోషీకి పోయి నాది కాదన్నాడు. ఆ వారమే టోపీ నీళ్ల మీద తేలింది. మంగలి తేలడానికి ఇంకో రోజు పట్టింది.

పదవీ విరమణకు ముందు చివరి ఆదివారం భర్త మొదటిసారి తోడొచ్చాడు. వాచీలు బాగుచేసే కొట్టు మూసేసిన దగ్గర్నుంచీ ఆయన ఇంట్లో గోడవైపు తిరిగి కూర్చుంటున్నాడు. రమ్మనగానే బయల్దేరినందుకు ఆమె సంబరపడింది.

బురదలోంచి పాలవాడు ఒక కళ్లజోడు తీశాడు. దాని కాడకి నీలం దారం చుట్టి ఉంది. ఆ దారం ఆమె పొద్దున చుట్టిందే. అదే కళ్లజోడు భర్త ముక్కు మీద ఉంది.

“ఏవండీ, తీసుకోండి.”

“నాది కాదు.”

“దారం నేను కట్టిందేనండీ!”

“కాదంటున్నాగా. వదిలెయ్.”

జనం తలలు దించుకున్నారు. సొంతదారు తప్ప ఇంకొకరు తీసుకుంటే చెల్లదు. ఊరందర్నీ బతిమాలి ఒప్పించిన మనిషి మాట ఇంటాయన దగ్గర పనిచెయ్యలేదు. ఇన్ని ఆదివారాలు ఈయన్ని ఒంటరిగా వదిలేశానే అనుకుంది.

అంతలో ఒడ్డుకి ఆడవాళ్ల చెప్పుల జత కొట్టుకొచ్చింది. ఎడమదానికి పట్టీ కుట్టించి ఉంది. ఆమె తన కాళ్ల వైపు చూసుకుంది.

“ఇవి నావే,” అంది, కానీ వంగలేదు. “మీరు తీసుకుంటే నేనూ తీసుకుంటా.”

“నీకు ఈత రాదు కదే,” అన్నాడాయన.

“రాదు. అయినా మీ వెనకే దూకుతానన్నమాట.”

ఆయన ఆ చెప్పుల వంక చూశాడు. తర్వాత పాలవాడి ముందు చెయ్యి చాపాడు.

“ఇటివ్వు. నాదే.”