బంగారమ్మ మంచం కింది తివాచీ

వైశాఖమాసంలో ఒక శుక్రవారం నాడు అత్తిలి నుంచి ఉత్తరం వచ్చింది. నరసరాజు దాన్ని అరుగు మీద నిలబడి ఒకసారి చదివాడు. లోపలికి వెళ్ళి, కుర్చీలో కూర్చుని మళ్ళీ చదివాడు.

"అల్లుడుగారికి అచ్చాయమ్మ దీవించి వ్రాయునది. ఈ ఆదివారం కాక పై ఆదివారం సుగుణను తీసుకుని వస్తాను. ఇల్లు పిల్ల ఉండేటట్టుంటే మీ దగ్గర వదిలి వెళ్తాను. బళ్ళు తెరవగానే మీరే చేర్పించుకోవచ్చు. లేకపోతే తాడేపల్లిగూడెంలో పెద్దవాడి దగ్గర పెట్టేస్తాను. వాళ్ళకి ఆడపిల్లలు లేరు, పెంచుకుంటామంటున్నారు. దసరాల్లో వచ్చినప్పుడు ముఖాన చెప్పలేకపోయాను. ఇల్లు కంపు కొడుతోంది బాబూ. ఆ తివాచీ దగ్గర మరీనూ."

ఉత్తరం అడుగున పెన్సిలుతో వంకర టింకర అక్షరాలు. "నాన్నా నా పువ్వులు వున్నాయా."

సుగుణకి ఆరేళ్ళు. తల్లి బంగారమ్మ పోయి ఏడాదిన్నర అయింది. అప్పటినుంచీ అమ్మమ్మ దగ్గరే ఉంటోంది. దసరా సెలవలకి అచ్చాయమ్మ పిల్లని ఏలూరు తీసుకొచ్చి, నాలుగు రోజులుంటానని వచ్చినావిడ ఆ సాయంత్రమే పిల్లతో సహా తిరుగు రైలెక్కేసింది. కొడుక్కి ఒంట్లో బాగుండలేదని ఏదో సాకు చెప్పింది. నరసరాజు నమ్మాడు. హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పే మనిషి, బి.ఏ. చదివినవాడు, తన ఇల్లు కంపు కొడుతోందని తెలుసుకోవడానికి అత్తిలి నుంచి ఉత్తరం రావలసి వచ్చింది.

తివాచీ సంగతి అతనికి తెలియనిది కాదు. ఏలూరు ఉన్ని తివాచీ అది. పెళ్ళికి మామగారు తంగెళ్ళమూడిలో ఖాదర్ వాళ్ళ మగ్గం మీద చెప్పి నేయించారు. ఎర్రటి నేల మీద అరవై నాలుగు పువ్వులు. సుగుణ అంకెలు నేర్చుకున్నది ఆ పువ్వుల మీదే. జబ్బు చేసిన ఏడాదీ బంగారమ్మ మంచం దాని మీదే ఉండేది. మంచం కింద ఆమె పెంచుకున్న ముసలి పిల్లి ఉండేది. ఆఖర్లో దానికి బయటికి వెళ్ళే ఓపిక పోయింది. బంగారమ్మ పోయిన నెలకి అదీ పోయింది. తివాచీ మీద ఆ వెలిసిన మచ్చలు చూసినప్పుడల్లా నరసరాజు, పాపం పిల్లి, అనుకునేవాడు. వాసన మాత్రం అతనికి ఎన్నడూ తెలియలేదు. కాలేజీ రోజుల నుంచీ ముక్కుపొడుం అలవాటు. గంటకోసారి డబ్బీ తియ్యకపోతే పాఠం నడవదు. ఆ ముక్కుకి మల్లెపూలూ ఒకటే, మురిక్కాలవా ఒకటే.

"కనకరత్నం గారూ, మనింట్లో వాసనేస్తోందా?"

వంట చేసిపెట్టే కనకరత్నం పొయ్యి ముందు నుంచి తల తిప్పలేదు. "అబ్బే, ఏమీ లేదండీ."

పక్కింటి ఏడుకొండలు ప్లీడరు గుమస్తా. అతన్ని అడిగితే, "పెద్దగా ఏం లేదండీ. ముసురు పట్టినప్పుడు ఏ ఇంట్లోనైనా కాస్త ఉంటుందండీ," అన్నాడు. అని అరుగు మీదే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే, "ఇక్కడ గాలి బావుందండీ," అన్నాడు. ఏడాదిగా ఎవరు వచ్చినా ఆ మాటే అంటున్నారని నరసరాజుకి అప్పుడు తట్టింది.

తివాచీ తీసి అవతల పారేస్తే? ఆ రాత్రి ఆ ఆలోచన కూడా చేశాడు. పారేసి, పిల్ల వచ్చి పువ్వులేవి నాన్నా అంటే ఏం చెప్పాలి? చచ్చిపోయిన భర్త నేయించిన తివాచీ ఏదని అత్తగారు అడిగితే?

మర్నాడు పెరట్లో పరిచి, కుంకుడుకాయ రసం కుండెడు పోసి కొబ్బరిపీచుతో రుద్దాడు. మామూలుగా అయితే చాకలివాళ్ళు కాలవలో వేసి జాడించేవారు. మే నెల కదా, మరమ్మతులకని కాలవలు కట్టేశారు. అడుగున బురదా, పిల్లలు పట్టుకునే మట్టగిడస చేపలూ తప్ప చుక్క నీళ్ళు లేవు. నుయ్యే గతి. తోడి పోశాడు, రుద్దాడు, మళ్ళీ పోశాడు. రెండు రోజులు రోహిణి ఎండలో పడేశాడు. రంగులు తేటపడ్డాయి, మళ్ళీ లోపల పరిచాడు.

"ఇప్పుడెలా ఉందండీ?"

"చక్కగా ఉందండీ," అంది కనకరత్నం.

"దివ్యంగా ఉందండీ," అన్నాడు ఏడుకొండలు, అరుగు మీద నుంచి.

సోమవారం సాయంత్రం కొల్లేటి వైపు నుంచి తడిగాలి తిరిగింది. చెంబు కోసమని వంటింట్లోకి వెళ్ళిన నరసరాజు గుమ్మంలోనే ఆగిపోయాడు. కనకరత్నం కొంగు ముక్కుకి అడ్డంగా బిగించి కట్టుకుని పప్పు రుబ్బుతోంది. అతన్ని చూసి గబగబా ముడి విప్పేసుకుంది.

"నిజం చెప్పండి," అన్నాడతను.

ఆవిడ రుబ్బడం ఆపింది. "ఎలా చెప్పనండీ. అమ్మగారి తివాచీ కదండీ. మీరు సాయంత్రం పూట దాని మీద కూర్చుని పేపరు చదువుకుంటారు. ఆ కాస్తా ఎందుకు పాడు చెయ్యాలనీ."

అతనికి కోపం రాలేదు. ఏడాదిన్నరగా ఆవిడ ఈ గాలి పీలుస్తూ రోజూ రెండు పూటలా వండిపెట్టింది. భయం మాత్రం వేసింది. మిగిలినవి ఆరు రోజులు. ఊరంతా మర్యాదస్తులే. వాసన ఉందో పోయిందో చెప్పేవాడు ఒక్కడు లేడు.

మంగళవారం సాంబ్రాణి వేశాడు, ఫినాయిలు చల్లాడు. ఫినాయిలు పడిన చోట రెండు పువ్వులు ముదురు గోధుమరంగుకి తిరిగాయి. అప్పుడు చెయ్యి ఆపాడు. గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. తాడేపల్లిగూడెంలో బావమరిది భార్య మంచిదే. పిల్లకి ఏ లోటూ రానివ్వదు. పండగకోసారి వెళ్తే, "మావయ్య వచ్చాడు," అన్నట్టు "నాన్న వచ్చాడు," అని చెబుతుంది సుగుణ. కొన్నాళ్ళకి అదీ చెప్పదు.

బుధవారం పొద్దున్నే తివాచీ చుట్టి ఒంటెద్దు బండిలో వేయించుకుని తంగెళ్ళమూడి వెళ్ళాడు. ఖాదర్ మగ్గం దగ్గర ఉన్నాడు. మర్యాదగా లేచి నిలబడి, "ఏముందండీ మాస్టారూ, పాతది కదండీ, ఉన్నికి వాసన సహజమండీ," అని మొదలుపెట్టాడు. వెనక నుంచి వాళ్ళమ్మ మహబూబ్ బీ, డెబ్బై ఏళ్ళావిడ, కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"పక్కకి తప్పుకో," అంది కొడుకుతో. తివాచీ మీదికి వంగింది. వంగినంత వేగంగానూ లేచింది. "పిల్లి ఉచ్చ. రెండేళ్ళది. పైన ఎవరో ఫినాయిలు తగలేశారు."

నరసరాజుకి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

"ఎవరు కడిగారు?"

"నేనేనండి."

"పైనుంచి పోశారా?"

"అవునండి."

"మరి? పైనున్నది కిందికి తోశారు. ఉన్నిలో ఏం లేదు బాబూ. అడుగున నూలు దారాల పడుగు ఉంది చూడండి, అదే పీల్చుకుంది. ఎండిందనుకుంటారు. తడిగాలి తగలగానే మళ్ళీ లేస్తుంది. కుంకుడు జిగురు కూడా లోపలే ఉండిపోయింది. అది చెమ్మని పిలుస్తుంది."

ఆవిడ తివాచీని బోర్లా వేయించింది. చేత్తో తడుముతూ, ముక్కు ఆనిస్తూ ఒక్కొక్క చోట ఆగి, "ఇక్కడ గీయండి," అంది. నరసరాజు జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉంటుంది. అయిదు సున్నాలు చుట్టాడు.

"మీ ఇళ్ళల్లో తరవాణి ఉంటుందిగా? బాగా పులిసిన అన్నపు తేట. వీపు వైపు నుంచి పొయ్యండి, అడుగు నూలు తాగినంత. పైన తడి గోనెలు కప్పండి. ఒక పగలూ రాత్రీ, ఇంకో పగలు. ఆరనివ్వకూడదు. లోపలున్నది పులుపే తినేస్తుంది. తర్వాత మంచినీళ్ళు, బోల్డు నీళ్ళు. మెలిపెట్టి పిండకండి. చెక్కతో గీసి నీళ్ళు బయటికి తోయాలి. నీడలో, నులకమంచం మీద బోర్లా ఆరెయ్యండి. కింద నుంచి గాలి తగలాలి."

"ఆదివారానికి పోతుందాండి?"

"పోవచ్చు. పోకపోవచ్చు. ఇంకోటి చెప్తాను. నాకు తెలిసినవి అయిదు. ఇంకా ఉంటాయి. అవి మీరే వెతుక్కోవాలి." ఆవిడ అతని చేతిలో పొడుం డబ్బీ వంక చూసింది. "అది మానెయ్యండి. ముక్కు లేకుండా ఈ పని కాదు."

ఖాదర్ సిగ్గుపడిపోయాడు. "మా అమ్మకి అండీ అనడం రాదండీ. ఏమీ అనుకోకండి."

"మీ అమ్మగారు చల్లగా ఉండాలి," అన్నాడు నరసరాజు. డబ్బీ అక్కడే, మగ్గం పక్కన గూట్లో పెట్టేసి వచ్చాడు.

అయిదు మచ్చలకి పోయాలంటే ఇంట్లో ఉన్న ఒక్క తరవాణి కుండ చాలదు. గురువారం తెల్లవారి కనకరత్నం చెంబు పట్టుకుని వీధిలోకి వెళ్ళింది. ఏ ఇంట్లోనూ ఎందుకని అడగలేదు. కాసేపటికి ఆడవాళ్ళే రావడం మొదలుపెట్టారు. ఒకరు ముంతతో, ఒకరు ఇత్తడి గిన్నెతో. ఏడుకొండలు భార్య కుండ కుండంతా తెచ్చి గుమ్మంలో పెట్టి, "మాది మూడు రోజులదండీ, బాగా పుల్లగా ఉంటుందండీ," అని చెప్పి తల దించుకుని వెళ్ళిపోయింది. వీళ్ళందరికీ తెలుసు. ఇన్నాళ్ళూ తెలుసు. అరుగు మీద నిలబడి ఆ కుండల వరస చూస్తుంటే నరసరాజుకి సిగ్గూ, ఏదో ఊరటా రెండూ కలిసే వచ్చాయి.

ఆ రెండు రోజులూ పొడుం లేక తల పగిలిపోయింది. కళ్ళు నీళ్ళు కారాయి. చేతులు ఊరికే జేబులోకి వెళ్ళి సుద్దముక్క పట్టుకుని వచ్చేవి. గంటకోసారి గోనెల మీద నీళ్ళు చల్లాడు. శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టి ఏడుకొండలూ తనూ వంతులవారీగా నీళ్ళు తోడారు. గీశారు, పోశారు, గీశారు. మొదట మజ్జిగలా వచ్చిన నీళ్ళు రాత్రి భోజనాల వేళకి తేటగా వచ్చాయి.

శనివారం మధ్యాహ్నం తివాచీ నులకమంచం మీద బోర్లా ఆరుతోంది. నరసరాజు మోకాళ్ళ మీద కూర్చుని వీపు వైపంతా ముక్కుతో వెతుకుతున్నాడు. తడి నూలు వాసన. పులుపు వాసన. పదేళ్ళయింది ఇవి తెలిసి. ఎక్కడో పొరుగింట్లో కరివేపాకు వేగుతోంది, అదీ తెలిసింది. ఆనందపడబోయాడు. అంతలో, బంగారమ్మ తలగడ ఉండే మూల దగ్గరికి వచ్చేసరికి, ఎవరో ముఖాన కొట్టినట్టయింది.

ఘాటుగా, కుళ్ళుగా, కళ్ళలోకి ఎక్కేలా ఉంది. వెనక్కి పడ్డాడు. ఆరో మచ్చ.

లేచి కూర్చున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. ఏడాది పాటు, ప్రతి సాయంత్రం, సరిగ్గా ఈ మూల కుర్చీ వేసుకుని ఆమెకి పేపరు చదివి వినిపించేవాడు. మధ్యమధ్యలో డబ్బీ తీసేవాడు. ఆమె, "ఆ కిటికీ కాస్త తియ్యండి," అనేది.

"చల్లగాలి బంగారం. డాక్టరుగారు వద్దన్నారు."

"కాస్తేనండి."

"ఏం, ఉక్కగా ఉందా?"

"ఏమీ లేదండీ," అనేది. అని గోడ వైపు తిరిగి పడుకునేది.

చెబితే పిల్లిని అతను బయటికి తోలించేవాడు. పిల్లి అంటే సుగుణకి ప్రాణం. అందుకని చెప్పలేదో, అతని సాయంత్రాలు పాడుచెయ్యడం ఇష్టం లేక చెప్పలేదో. నరసరాజు నులకమంచం కోడు పట్టుకుని, నుదురు దానికి ఆనించి, గట్టిగా ఏడ్చాడు. వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. కనకరత్నం బయటికి రాలేదు.

అడుగున మిగిలిన ఒక్క ముంతెడు తరవాణి ఆ మూల పోశాడు. దానికి రెండు పగళ్ళు కావాలి. ఉన్నది ఒక్క రాత్రి. ఆదివారం తెల్లవారగట్ల కడిగి, గీసి, గుడ్డలతో అద్దాడు. వంగి చూశాడు. తగ్గింది. పోలేదు.

తొమ్మిది గంటలకి మబ్బు పట్టి జల్లు కొట్టింది. తివాచీ లోపలికి తెచ్చి నడిగదిలో పాత చోటే పరిచాడు. ఇంటి గోడలన్నీ చెమ్మగిల్లాయి. పదింటికి జట్కా వచ్చి ఆగింది. జట్కాలో సుగుణ పెట్టె ఉంది, తాడుతో కట్టి. అచ్చాయమ్మ దాన్ని దింపించలేదు. బండివాణ్ణి ఉండమని చెప్పి లోపలికి వచ్చింది.

సుగుణ తండ్రి వైపు ఒకసారి చూసి, పువ్వుల మీదికి పరిగెత్తి బోర్లా పడుకుంది. "నాన్నా, అన్నం వాసనేస్తోంది."

అచ్చాయమ్మ నడిగదిలో నిలబడి మెల్లగా గాలి పీల్చింది. కొంగు ముక్కు దగ్గరికి వెళ్ళలేదు. "బాగానే ఉంది అల్లుడుగారూ," అంది. "ఏమీ లేదు."

నరసరాజు తలగడ మూల వైపు చూశాడు. ఆ మాటే ఈ ఇంట్లో అందరూ అన్నది. ఆ మూల మీద కుర్చీ జరిపితే చాలు, ఈ పూటకి గడిచిపోతుంది. కుర్చీ చేతికందే దూరంలోనే ఉంది. పెట్టె ఇంకా జట్కాలోనే ఉంది.

"ఉందండి అత్తయ్యగారూ," అన్నాడు. "ఆ మూల. మంచం తలవైపు. నిన్నే తెలిసింది. ఇంకో రెండు మూడు సార్లు చెయ్యాలి. వాన పడితే లేస్తుంది, ఇప్పుడూ లేస్తోంది."

అచ్చాయమ్మ ఆ మూలకి వెళ్ళి కర్రలా నిలబడింది. తర్వాత అతని ముఖంలోకి చూసింది. పొడుం మరకలు లేని పై పెదవీ, ఎర్రబడ్డ కళ్ళూ, నాని తెల్లబడ్డ వేళ్ళూ చూసింది.

"మీకు తెలుస్తోందా?"

"తెలుస్తోందండి."

"దసరాల్లో మీకు తెలియలేదు. పిల్ల ఆ మూలే పడుకుని దగ్గుతోంది, మీరు పేపరు చదువుతున్నారు. నాకు భయమేసింది బాబూ." ఆవిడ కూతురి మంచం ఉండే చోటు వంక చూసింది. గుమ్మం వైపు తిరిగి బండివాణ్ణి కేకేసింది. "ఆ పెట్టె దింపు నాయనా."

పెట్టె లోపలికి వచ్చాక, "తివాచీ పూర్తిగా బాగుపడేదాకా పిల్ల అరుగు పక్క గదిలో పడుకుంటుంది. పువ్వులు పగలు లెక్కపెట్టుకుంటుంది," అంది. "ఆ కిటికీ మాత్రం మూయకండి."

"అలాగేనండి."

బయట జల్లు వెలిసింది. కొల్లేటి వైపు గాలికి కిటికీ రెక్క కొట్టుకుంటోంది. నరసరాజు పెట్టెకి కట్టిన తాడు విప్పి, ఆ రెక్కని గోడ మేకుకి బిగించి కట్టేశాడు.