ప్లేట్లు వదిలి గుట్టెక్కిన రోజు

పాకాల పక్కనున్న మా గుట్ట ఇవాళ కాస్త పచ్చగా కనిపిస్తోందంటే అది ఈ నాయబ్ రసూల్ చలవే. గుట్ట పండగ పెట్టింది నేను. నేను చెయ్యి ఊపితే నాలుగు ఊళ్ళ జనం విత్తనపు ఉండలు పట్టుకుని బిలబిలమంటూ ఎక్కేస్తారు. నమ్మకం లేకపోతే మా ఇంటికి రండి, వివరంగా చెబుతాను. మా ఆవిడ షహర్‌బాను ఇంట్లో లేని వేళ చూసుకుని రండి.

నాది పెళ్ళిళ్ళకు వంటపాత్రలు అద్దెకిచ్చే అంగడి. మా బిర్యానీ డేక్షా ఎంత పెద్దదంటే, అడుగున అంటిన మెతుకుల కోసం అందులో దిగిన మేక బయటికొచ్చేసరికి రెండు పిల్లలతో వచ్చింది. సరే, మేకను వదిలేసి పండగలోకి వస్తాను. వానలకు ముందు ఒక ఆదివారం ఊరంతా గుట్ట కింద చేరుతుంది. ఎర్రమన్నూ పేడా కలిపి, నడుమ గింజ పెట్టి చేసిన ఉండల్ని పైకి మోసుకెళ్ళి బండల సందుల్లో వేసి వస్తారు. దీనికి అధ్యక్షుడు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన అయివారు మునస్వామి. ఆయన నియమం ఒక్కటే, పండగలో చెత్త పుట్టకూడదు. కాగితం ప్లేటు కనపడకూడదు. అందుకని అన్నీ మా అంగడి స్టీలు ప్లేట్లే. ప్రతి ఏడూ ఆయన మైకు పట్టుకుని, గుప్పెడు చెత్త లేకుండా పండగ చేశామని చాటి, ట్రాక్టరు ఇచ్చినవాళ్ళకూ, మైకుసెట్టుకూ, పైన కమ్ముకున్న మబ్బుకూ కూడా కృతజ్ఞతలు చెబుతాడు. పుట్టని ఆ చెత్త ఎక్కడికి పోయిందో మాత్రం చెప్పడు. అది గుట్ట కింద వంటల షెడ్డు వెనక షహర్‌బాను చేతుల్లోకి పోయేది.

అద్దె అంగడికి ఒక మర్యాద ఉంది. పాత్రలు ఎవరు వాడినా ఆఖరి కడుగు అంగడి ఇంటివాళ్ళదే. ఆమె కొత్తకోడలుగా వచ్చినప్పుడు, నీ చెయ్యి పడితే గిన్నె మెరుస్తుందమ్మా అని మా అమ్మ అందట. ఆ పూట ఆమె పొంగిపోయిందట. తర్వాత ఆ మాటే నేనన్నాను, అయివారూ అన్నాడు. మెచ్చుకోలు ఎంత గట్టి తాడో ఆమెకు తెలిసేసరికి జుట్టు నెరిసింది. తిట్టినవాళ్ళకు ఎదురు చెప్పొచ్చు, మెచ్చుకున్నవాళ్ళకు ఏం చెప్పేది? ఇవి ఆమె ఈమధ్యే నాతో అన్న మాటలు. నేను వినడం మొదలుపెట్టిందీ ఈమధ్యే. టిఫిన్ ప్లేట్లు కడుగుతుండగా జనం గుట్టెక్కేవాళ్ళు, తుడిచి పెట్టేసరికి దిగేవాళ్ళు, వెంటనే భోజనాలు, మళ్ళీ ప్లేట్లు. పండగంటే ఆమెకు వీపు వెనక మోగే డప్పు.

ఇక్కడ నా గొప్ప కాస్త సడలించుకుంటాను. పండగ పెట్టింది నేను కాదు. గుట్ట బోడిదైపోయింది, మేకలకైనా నీడ లేదని మా పెరట్లో కూర్చుని మొదటి ఉండలు చేసింది మా ఆవిడా, అయివారి భార్య శకుంతలమ్మా. దానికి అయివారు మైకు తెచ్చాడు, నేను ప్లేట్లు తెచ్చాను. అంతటితో పండగ మా ఇద్దరిదీ అయిపోయింది.

అందరూ ఉండల్లో వేప, కానుగ, సీతాఫలం గింజలు పెడతారు. షహర్‌బాను మాత్రం కొన్నిటిలో కుంకుడు గింజలు పెట్టేది. ప్లేట్లు తోమడానికి కొట్టిన కాయల్లో మిగిలిన నల్లటి గింజలు. పారేయడానికి ఆమెకు మనసొప్పేది కాదు. ఈ ఎండాకాలం శకుంతలమ్మ మా గడపలో కూర్చుని, "మేకలోళ్ళు సూసినారంట బానూ. పైన పడమటి పక్క కుంకుడు మొక్క ఒకటి లేసిందంట," అంది.

ఉండల్లో కుంకుడు గింజ పెట్టింది ఈ ఊళ్ళో ఆమె ఒక్కతే. ఇక ఆమెకు ఆ మొక్క ధ్యాసే. పిండి కలుపుతూ అదే, బట్టలు ఆరేస్తూ అదే. ఎంత ఎత్తుంటుంది? ఆకు ఎలా ఉంటుంది? గింజ చూసింది, కాయ చూసింది, నురగలో బతుకంతా చేతులు నానేసింది, లేత మొక్కను మాత్రం చూడలేదు. ఎండ చూస్తే రాళ్ళు పగిలేలా ఉంది. ఈ ఏడు చూడకపోతే వచ్చే ఏటికి ఉంటుందో, ఎండిపోతుందో.

పండగ పొద్దున చాయ్ అందిస్తూ అడిగింది. అడగడం కాదు, చెప్పింది. మా ఇంట్లో ఉర్దూ నడుస్తుంది, మీకోసం తెలుగులో రాస్తున్నాను.

"ఈసారి నేను గుట్టెక్కుతా."

"ఎక్కు," అన్నాను. నేను మంచివాణ్ణి కదా. "మరి ప్లేట్లు?"

ఆమె గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. ఆమెను ఎవరూ ఎన్నడూ దేనికీ వద్దనలేదు. అదే ఆమెకు వచ్చిన చిక్కు. పుట్టింటికి పోతానంటే పో, మరి పిల్లోళ్ళు? కుట్టుపని నేర్చుకుంటానంటే నేర్చుకో, మరి వంట? తలుపు బార్లా తీసి, గడప దగ్గర ఒక బిందె అడ్డం పెట్టినట్టు. బిందె దాటొచ్చు. కానీ నీళ్ళు ఒలికితే తుడవాల్సింది మళ్ళీ ఆమే.

టిఫిన్లయ్యాయి. షెడ్డు వెనక పొంగలి జిడ్డుతో ప్లేట్లు గుట్టకు పోటీగా లేచాయి. నురగ సిద్ధంగా ఉంది. షహర్‌బాను రెండు ప్లేట్లు కడిగింది. మూడోది చేతిలోకి తీసుకుని, మళ్ళీ కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"రాక్కా, పోదాం."

"ఇవి?" అంది పక్కనున్న శకుంతలమ్మ.

"యాడికీ పోవు."

ఇద్దరూ నా ముందునుంచే నడిచి వెళ్ళారు. ఆమె నావైపు కోపంగా చూడలేదు. అసలు చూడలేదు.

కాసేపటికి, మోకాళ్ళ నొప్పి పేరు చెప్పి ఏ ఏడూ గుట్టెక్కని అయివారు మైకు కట్టేసి వచ్చాడు. "ఏందప్పా రసూలూ, ప్లేట్లు ఇట్లే ఉండాయి? ఆడోళ్ళు యాడ?"

"గుట్టెక్కినారు."

"ఎందుకు?"

"పండగంట."

భోజనాలకు జనం దిగేలోపు ప్లేట్లు కావాలి. ఇద్దరం పంచెలు ఎగ్గట్టి కూర్చున్నాం. నురగలో ప్లేటు చేపపిల్లలా జారి అయివారి ఒళ్ళో పడింది. కుంకుడు పులుసు కంట్లో పడి ఆయన బొటబొటా ఏడ్చాడు. చూసినవాళ్ళు పర్యావరణం కోసం ఏడుస్తున్నాడనుకుని దండం పెట్టి పోయారు. నా నడుము విరిగి పుత్తూరు కట్టు దాకా పోతుందేమో అనిపించింది.

పైన ఆమె పడమటి పక్కకు వెళ్ళింది. రెండు బండల నడుమ మోకాలెత్తు మొక్క, రెక్కలు విప్పినట్టు సన్నటి ఆకులు. శకుంతలమ్మ కాస్త ఎడంగా ఆగింది. షహర్‌బాను దాని పక్కన చతికిలబడి ఒక ఆకును వేళ్ళ మధ్య పట్టుకుంది. నానీ నానీ తోలు చిట్లిన వేళ్ళకు ఆ నునుపు కొత్తగా తగిలింది. కింద నేను ప్లేట్లతో పడే అవస్థ తలుచుకుని, పాపం ముసలాయన అనుకుని నవ్వుకుంది.

దిగి వచ్చాక ఒక ప్లేటు తీసి అంచుమీద వేలు రాసి, జిడ్డు నాకు చూపించింది. గొంతు పెంచకుండా అయివారితో అంది, "వచ్చే పండక్కి మా అంగడి ప్లేట్లు రావు సార్. ఎవురి ప్లేటు వాళ్ళు ఇంటినుంచి తెచ్చుకోవల్ల. తిన్నోళ్ళే కడుక్కోవల్ల. ఉండలు మేం చేస్తాం, మేమే పైకి తీసుకుపోతాం."

అయివారు నీళ్ళలో నాని ముడతలు పడ్డ తన వేళ్ళు చూసుకుని, సరేనని తలూపాడు.

ఇదంతా రాసి ఆమెకు చదివి వినిపించాను. ఒక్కచోట ఆపింది. పైన మొక్క పక్కన కూర్చుని నన్ను తలుచుకుని నవ్విందని రాశాను చూడండి, అది నేను కల్పించింది.

"అది కొట్టెయ్," అంది. "ఆడ నువ్వు లేవు."

"ఎవురుండారు?" అని అడిగాను.

"నేను," అంది.