గోడ వారగా కోవ్ మొక్కలు

"ఉప్పు తక్కువైంది," అన్నాడు నెల్సన్, చెంచా ముట్టకుండానే.

వేసవి పొడుగునా ఇదే వరస. ఒకరోజు ఉప్పు, ఇంకోరోజు సాసేజ్ పాతబడిందట, మరోరోజు "మా అమ్మ చేసినట్టు లేదులే." పెళ్లైన దగ్గర్నించీ రెండేసి గిన్నెలు లాగించిన మనిషికి మా పోర్చుగీసువాళ్ల ఆకుకూర కోవ్‌తో నేను చేసే సూప్ ఉన్నట్టుండి చేదైపోయింది. నేనొక పిచ్చిదాన్ని. ఫ్యాక్టరీలో పగలంతా పరదాలు కుట్టి వచ్చి, బంగాళాదుంపలు ఇంకాస్త మెదిపి, వెల్లుల్లి పెంచి, ఈసారైనా మెచ్చుకుంటాడేమోనని అతని మొహంలోకి చూసేదాన్ని. నెల్సన్ గిన్నె పక్కకి నెట్టి రొట్టె, జున్ను తినేవాడు.

మాది తాతల నాటి చెక్క ఇల్లు. అమెరికాలో మా ఫాల్ రివర్ ఊరి చలికి గోడల్లోంచి గాలి ఈల వేస్తుంది. అలాంటి ఇళ్లని వెచ్చబరచడమే నెల్సన్ ఉద్యోగం. బయటి చెక్కకి రంధ్రాలు చేసి, గొట్టంతో లోపలికి కాగితప్పొట్టు ఊది మూసేస్తారు. పాత రంగులో సీసం అనే విషలోహం ఉంటుంది కాబట్టి కింద ప్లాస్టిక్ పరవాలి, చెక్క తడపాలి, దుమ్ము లేవనివ్వకూడదు. ఊరందరి గోడలూ అలాగే చేస్తాడు. మా గోడ మాత్రం మే నెలలో ఒక శనివారం, నేను షిఫ్టుకి వెళ్లినప్పుడు, ఒక్కడే చేసేశాడు.

"ప్లాస్టిక్ వేశావా?" అనడిగాను.

"నా పని నాకే నేర్పుతావా?"

నేర్పలేదు. గోడ వారగా పెంచుకున్న కోవ్ మొక్కలకి నీళ్లు పోసి ఊరుకున్నాను.

జూలైలో మా మూడేళ్ల పాప బియా రక్తంలో సీసం ఎక్కువుందన్నారు. ఇంటికేమైనా పని చేయించారా అని నర్సు అడిగింది. "అంతా పద్ధతి ప్రకారం చేశానండీ," అన్నాడు నెల్సన్. తర్వాత ఆవిడ ముందే నావైపు తిరిగి, "నువ్వు ఇల్లు సరిగ్గా తుడుస్తున్నావా?" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజు నించీ మోకాళ్ల మీద పాకుతూ నేల తుడిచాను, కిటికీలు కడిగాను, బొమ్మలు కడిగాను, పాప చేతులు తోలు ఊడేలా కడిగాను. పోర్చుగల్ వాళ్ల అజోర్స్ దీవుల్లో చుట్టాలింట్లో ఉన్న మా అత్తగారు ఫోన్‌లో, "ఆ ఇంట్లోనే ముగ్గుర్ని పెంచాను, ఒక్కడికీ ఏమీ కాలేదమ్మాయ్," అంది. ఒంట్లో ఇనుముంటే సీసం తక్కువ పడుతుందని ఆకుకూరలు బాగా పెట్టమంది నర్సు. పెరట్లో ఉండగా కొనడం దేనికి? రోజూ పెట్టాను. "అమ్మా, ఇంకొంచెం," అనేది బియా. రెండోసారి పరీక్ష చేస్తే సీసం ఇంకా పెరిగింది.

సెప్టెంబర్లో అత్తగారు తిరిగొచ్చింది. ఆదివారం భోజనానికి పిలిచాం.

"ఏంరా, మొహం అలా పీక్కుపోయింది? లిడియా, నీ చేతి వంట నా కొడుక్కి పడుతున్నట్టు లేదే," అంటూ సూప్‌లో చెంచా ముంచి నోటి దగ్గరికి తెచ్చుకుంది.

నెల్సన్ చెయ్యి చటుక్కున వచ్చి ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"అమ్మా, వద్దు. తినకు."

"ఏమైందిరా?"

"గోడ దుమ్మంతా ఆ ఆకు మీదే పడింది. ప్లాస్టిక్ వెయ్యలేదు. త్వరగా అయిపోతుందనుకున్నా... కడిగితే పోతుందనుకున్నా."

ఉప్పు సరిగ్గానే ఉందన్నమాట, వేసవంతా. బియా అప్పటికే తన గిన్నె ఖాళీ చేసి చెంచా నాకుతోంది.

దాని చేతిలోంచి చెంచా తీసుకుని, మూతి తుడిచి, బూట్లు తొడిగాను. "ఎక్కడికే?" అంది అత్తగారు.

"ఆస్పత్రికి అత్తయ్యా. అట్నించి మా అక్క దగ్గరికి. మేమింక ఈ ఇంటికి రాం."

నెల్సన్ గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "లిడియా, నేను చెబుదామనే అనుకున్నాను. భయమేసింది. నన్ను అర్థం చేసుకో."

"మీ అమ్మని ఒక్క చెంచా తిననివ్వలేదు నువ్వు," అన్నాను. "ఇది రోజూ నీ పక్కనే కూర్చుని తింది. తప్పుకో."